గుమ్మం ముందు 40 జతల చెప్పులు: చెన్నై ఇళ్లలో భజనలు, ప్రార్థనలు చట్టం మీరకుండా జరుపుకోవడం ఎలా

మా విల్లివాక్కం అపార్ట్‌మెంట్లో గురువారం భజన 7 మందితో మొదలైంది. ఒక హార్మోనియం, రెండు జతల తాళాలు, చివర్లో శనగల ప్రసాదం. ఏడాది తిరిగేసరికి అంబత్తూరు నుంచి, పెరంబూరు నుంచి, ఆ నోటా ఈ నోటా విని వచ్చినవారితో కలిపి 40 మందయ్యాం. హాలు చాలక వరండాలోకి, వరండా చాలక మెట్ల మీదికి జనం చేరారు. వెనక కూర్చున్నవారికి వినపడటం లేదని ఒక భక్తుడు మైకు సెట్టు బహూకరించాడు. ఆ మైకు వచ్చిన మూడో వారానికి పోలీసులు కూడా వచ్చారు.

ఫిర్యాదు చేసింది పై అంతస్తులోని తమిళ కుటుంబం. వారేమీ నాస్తికులు కారు, వారి పూజగదిలోనూ సాయిబాబా పటం ఉంది. ఫిర్యాదులోని మొదటి వాక్యంలో దేవుడి ప్రస్తావన గానీ పాట ప్రస్తావన గానీ లేదు. మెట్ల మీద పరచుకున్న చెప్పుల మీద కాలుపెట్టి వాళ్ల అమ్మగారు జారిపడబోయారట. అప్పుడు నేను ఆ అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీని, భజనలో తాళం వేసేవాణ్ణి కూడా. రెండు వైపులా మాటలు పడ్డాను. అప్పటి నుంచి కార్పొరేషన్ కార్యాలయం, పోలీసు స్టేషను, ఒక వకీలు ఇల్లు తిరిగి నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. సత్యనారాయణ వ్రతమైనా, అయ్యప్ప పడిపూజ అయినా, శుక్రవారం ఉపవాస ప్రార్థన అయినా, రంజాన్ రాత్రుల తరావీ నమాజు అయినా అడుగులు దాదాపు ఇవే.

1. ముందు మీది ఏ రకం కూడికో తేల్చుకోండి

"నా ఇల్లు, నా దేవుడు, ఎవరు అడ్డం?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టేవారు చివరికి తహసీల్దారు ముందు నిలబడతారు. రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛను ఇస్తూ, అదే వాక్యంలో అది ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుందని చెబుతుంది. ఇంట్లో పూజ చేసుకోవడానికి, నలుగురిని పిలిచి ప్రార్థించుకోవడానికి ఆ హక్కే అండ. చిక్కు వచ్చేది ఇల్లు క్రమంగా ఇల్లు కాకుండా పోతున్నప్పుడు.

1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టంలో 'అభివృద్ధి' అన్న మాటకు ఒక విచిత్రమైన నిర్వచనం ఉంది. కొత్తగా కట్టడం ఒక్కటే అభివృద్ధి అని మనం అనుకుంటాం. ఆ చట్టం దృష్టిలో ఉన్న భవనం వాడకాన్ని చెప్పుకోదగినంతగా మార్చడం కూడా అభివృద్ధే. ఒక్క ఇటుక కదపకపోయినా, నివాసాన్ని ప్రార్థనా మందిరంగా వాడటం మొదలుపెడితే అనుమతి లేని అభివృద్ధి కిందికి రావచ్చు. ఎంతమంది వస్తే అలా మారినట్లు? ఆ చట్టంలో అంకె ఏదీ లేదు. 20 మంది అయితే ఇల్లు, 21 మంది అయితే గుడి అని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకండి.

అంకె లేదు కనుక అధికారులు ఆనవాళ్లు చూస్తారు. గేటుకు బోర్డు ఉందా? ఎవరైనా రావచ్చని కరపత్రం పంచారా? హుండీ పెట్టారా? రెండు గదుల మధ్య గోడ తీసి హాలు చేశారా? పూజారినో పాస్టరునో జీతానికి కుదుర్చుకున్నారా? ఇవి ఒక్కొక్కటే వస్తే పెద్దగా పట్టించుకోరు, అన్నీ ఒకేచోట పోగైతే మాట మారుతుంది. నా మట్టుకు నేను ఒక ప్రశ్న వేసుకుంటాను: కూడిక లేని రోజుల్లో ఆ గదిలో ఎవరైనా పడుకుంటున్నారా, పిల్లలు హోంవర్కు చేసుకుంటున్నారా? చేసుకుంటుంటే అది ఇల్లు. తలుపు తాళం వేసి, గురువారం మాత్రమే తీస్తుంటే అది ఇల్లు అని మీరు చెప్పినా నేను నమ్మను, అధికారి అసలే నమ్మడు.

మూడు రకాలుగా విడదీసుకుంటే పని తేలికవుతుంది. మొదటిది కుటుంబ శుభకార్యం: గృహప్రవేశం, వ్రతం, సంవత్సరీకం, ఎప్పుడో ఒకసారి జరిగేది. దీనికి కింది అడుగుల్లో శబ్దం, వీధి గురించినవి చదువుకుంటే చాలు. రెండోది వారం వారం తెలిసినవారు కూడేది. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసమే. మూడోది పైన చెప్పిన ఆనవాళ్లన్నీ ఉన్నది. అది మీదైతే నేరుగా చివరి అడుగుకు వెళ్లండి, మధ్యలో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఆ రకానికి సరిపోవు.

2. మీ స్థలం మాస్టర్ ప్లాన్‌లో ఏ రంగులో ఉంది?

చెన్నై మహానగర ప్రాంతానికి రెండో మాస్టర్ ప్లాన్ 2008లో ఆమోదం పొందింది, దాని లక్ష్య సంవత్సరం 2026. అందులో ప్రతి సర్వే నంబరూ ఏదో ఒక మండలంలో (జోన్‌లో) ఉంటుంది, పటంలో ఒక్కో మండలానికి ఒక్కో రంగు: ప్రాథమిక నివాస, మిశ్రమ నివాస, వాణిజ్య, సంస్థాగత, పారిశ్రామిక, ఇలా. మీ వీధిలో బేకరీ, టైలరు దుకాణం ఉన్నంత మాత్రాన అది మిశ్రమ నివాస మండలమని అనుకోకండి. ఆ బేకరీకే అనుమతి లేకపోవచ్చు.

ఇది తెలుసుకోవడానికి పట్టా చేతిలో పెట్టుకోండి. నగరంలో అయితే టౌన్ సర్వే నంబరు, బ్లాకు, వార్డు కావాలి. చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ, అంటే సీఎండీఏ వెబ్‌సైటులో సర్వే నంబరు ఇచ్చి భూ వినియోగం చూసుకోవచ్చు. దానితోపాటు భవనానికి ఇచ్చిన ప్రణాళికా అనుమతి నకలు తీసి చూడండి. అందులో 'నివాస భవనం' అని ఎన్ని యూనిట్లకు రాసి ఉందో అదే మీ హద్దు. మా అపార్ట్‌మెంట్ అనుమతి పత్రంలో కింది అంతస్తు మొత్తం కార్ల పార్కింగు అని ఉంది. మేమేమో నవరాత్రుల్లో అక్కడే షామియానా వేసి 9 రోజులూ కుంకుమార్చన చేసేవాళ్లం. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి నడిచిపోయింది. అది అనుమతి ఉన్నట్లు కాదని నాకు తెలిసింది ఆ కాగితం చూసిన రోజునే.

ఇక్కడే ఇంకొక విషయం. మీ ప్రాంతం గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ 200 వార్డుల్లో ఉన్నా, పోలీసు హద్దు వేరుగా ఉండవచ్చు. 2022లో చెన్నై కమిషనరేట్‌ను విడదీసి ఆవడి, తాంబరం కమిషనరేట్లు ఏర్పరిచారు. కార్పొరేషన్‌కు ఇచ్చే కాగితం ఒక చోటికి, పోలీసులకు ఇచ్చేది మరొక చోటికి వెళ్లవలసి వస్తుంది. మీ స్టేషను ఏ కమిషనరేట్ కిందికి వస్తుందో ముందే కనుక్కోండి.

3. ఇల్లు ఎవరిదో వారి సమ్మతి

అద్దె ఇల్లయితే ఒప్పందం తీసి చదవండి. 'నివాసానికి మాత్రమే' అన్న మాట దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది. తమిళనాడు అద్దె చట్టం 2017లో చేసి 2019 నుంచి అమలు చేస్తున్నారు. దాని ప్రకారం ఇంటిని దుర్వినియోగం చేస్తే, అంటే ఇరుగుపొరుగుకు ఉపద్రవంగా మార్చడం లాంటివి చేస్తే, యజమాని నోటీసు ఇచ్చి ఖాళీ చేయించమని అడగవచ్చు. వారానికోసారి 15 మంది కూర్చుని చదువుకునే పారాయణం దుర్వినియోగం అవుతుందని నేను అనుకోను. అయినా యజమానికి ఒక సందేశం పంపి "సరే" అని జవాబు రాబట్టుకుని దాచుకోండి. యజమాని మారవచ్చు, ఆయన కొడుకు అమెరికా నుంచి రావచ్చు. అప్పుడు ఆ ఒక్క మాట అక్కరకొస్తుంది.

సొంత ఫ్లాటు అయినా మెట్లు, మేడ, కారిడారు, పార్కింగు మీ ఒక్కరివి కావు. విడదీయని వాటా అంటే ప్రతి మెట్టులోనూ అందరికీ వాటా ఉన్నట్లే. మీ చెప్పులు ఎదుటివారి వాటాలో ఉన్నాయన్నమాట. తమిళనాడులో అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం 2022లో కొత్తగా వచ్చింది. సంఘం ఉపనిబంధనల్లో ఉమ్మడి స్థలాల గురించి ఏముందో చూసి, ఆ స్థలం వాడే ప్రతిసారీ సర్వసభ్య సమావేశపు తీర్మానమో, కనీసం కార్యవర్గం లిఖితపూర్వక అనుమతో తీసుకోండి. సెక్రటరీ నోటిమాట పనికిరాదు. ఆ సెక్రటరీని నేనే కనుక ధైర్యంగా చెబుతున్నాను.

సంఘాలకు కూడా ఒక మాట. వినాయక చవితికి మేడ ఇచ్చి, క్రిస్మస్ కూడికకు ఇవ్వనంటే ఆ సంఘం రేపు ఏ ఫిర్యాదునూ నిలబెట్టలేదు. నిబంధన పెడితే శబ్దానికి, వేళకు, జనానికి పెట్టండి, పండగ పేరుకు పెట్టకండి.

4. పొరుగువారితో మాట్లాడండి, అది కూడా తమిళంలో

అన్ని అడుగుల్లోకీ ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, మనవాళ్లు ఎక్కువగా దాటేసేదీ ఇదే. మండలం తప్పని, అనుమతి లేదని కార్పొరేషన్ తనంతట తానుగా వచ్చి ఇంటి భజనను ఆపడం నేను చూడలేదు. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తేనే ఫైలు పుడుతుంది. ఆ ఫిర్యాదు వెనక చాలాసార్లు మతం ఉండదు, బండి అడ్డం పెట్టడం ఉంటుంది.

కొత్తగా చెన్నై వచ్చినవారికి ఒక మాట దగ్గర పొరపాటు జరుగుతుంది. మా ఎదురింటి పాటి, అంటే మామ్మగారు, మొదట్లో మెల్లగా "తొందరవు పణ్ణాదీంగ" అని చెప్పి చూశారు. నెల్లూరు నుంచి అప్పుడే వచ్చిన మా బావమరిది "తొందరేమీ లేదండీ, నిదానంగానే పాడుతున్నాం" అని నవ్వుతూ జవాబిచ్చాడు. తమిళంలో తొందరవు అంటే ఇబ్బంది, బాధ పెట్టడం. ఆవిడకు అది వెటకారంగా తోచింది. మూడు నెలలు మాట్లాడలేదు.

కాబట్టి స్వయంగా వెళ్లండి, తమిళం బాగా వచ్చినవారిని వెంట తీసుకెళ్లండి. పైన, కింద, రెండు పక్కల, ఎదుట ఉన్న ఇళ్లు తప్పనిసరి. ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్నింటి వరకు, ఎంతమంది అన్నది చెప్పి, వారి సంగతులు అడగండి. ఇంట్లో మంచాన ఉన్న పెద్దవారున్నారా? రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయేవారున్నారా? పదో తరగతి, ప్లస్ టూ చదివే పిల్లలున్నారా? తమిళనాడులో ఆ పబ్లిక్ పరీక్షలు సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉంటాయి. ఆ వారాల్లో కూడికను వేరే ఇంటికి మార్చండి, లేదా పాట లేకుండా చదువుకోండి. ఇంతకంటే మంచి పేరు తెచ్చేది ఏదీ లేదు.

మేము తర్వాత గుమ్మం దగ్గర అతికించడం మొదలుపెట్టిన చీటీ ఇది. తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి పెట్టేవాళ్లం.

"వచ్చే శనివారం సాయంత్రం 5 నుంచి 8 వరకు మా ఇంట్లో పూజ జరుగుతుంది. సుమారు 25 మంది వస్తారు. మైకు పెట్టడం లేదు. బండ్లు వీధిలో నిలపకుండా మైదానం పక్కన పెట్టమని అందరికీ చెప్పాం. చెప్పులు ఇంటి లోపలే ఉంచుతాం. ఏ ఇబ్బంది ఉన్నా ఈ నంబరుకు ఫోను చేయండి, వెంటనే సరిచేస్తాం. ప్రసాదానికి మీరూ రండి."

ఫోను నంబరు పూజలో కూర్చునేవారిది ఇవ్వకండి. ఫోను ఎత్తగలిగేవారిది ఇవ్వండి. మేము ఈ పొరపాటు రెండుసార్లు చేశాం.

5. శబ్దం: అంకెలున్న ఒకే ఒక్క చోటు

జనం సంఖ్యకు అంకె లేకపోయినా, శబ్దానికి ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. ప్రైవేటు స్థలంలో సొంత సౌండ్ సిస్టమ్ గానీ వాద్యం గానీ వాడితే, ఆ స్థలం హద్దు దగ్గర శబ్దం ఈ ప్రమాణం కంటే 5 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదు. అంటే పగలు 60, రాత్రి 50. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో ప్రమాణం ఇంకా తక్కువ: పగలు 50, రాత్రి 40.

60 అంటే ఎంత? ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే స్థాయికి దగ్గర. హాల్లో మృదంగం మోగితే కిటికీ దగ్గరే దాన్ని దాటుతుంది. ఫోనులో డెసిబెల్ కొలిచే యాప్‌లు దొరుకుతాయి. వాటి కొలత కోర్టులో చెల్లదు గానీ, మీకు ఒక అంచనా ఇస్తుంది. హాల్లో కాకుండా పక్కింటి గోడ దగ్గర, మెట్ల మలుపులో నిలబడి కొలవండి. వీధి వైపు కిటికీలు మూసి, తెరలు వేసి, నేల మీద జంపఖానా పరిస్తే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

లౌడ్‌స్పీకరుకు అధికారి లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటికి వినిపించేలా లౌడ్‌స్పీకరే కాదు, వాద్యాలు కూడా కూడవు. పండగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు, కానీ ఆ రోజులను నిర్ణయించేది ప్రభుత్వమే. మీ ఇంటి జాగరణ అందులోకి రాదు.

ధనుర్మాసంలో దీని మీద ఏటా వాదన నడుస్తుంది. తమిళుల మార్గళి అంటే మనకు ధనుర్మాసమే. మైలాపూరు మాడవీధుల్లో తెల్లవారుజామున భజన చేస్తూ తిరగడం తరతరాల ఆచారం. అది చూసి మన ఇంటి కిటికీలో స్పీకరు పెట్టి 5 గంటలకు తిరుప్పావై వినిపిస్తే, వినేవాడికి ఆండాళ్ మీద భక్తి కలగదు, మన మీద కోపం కలుగుతుంది. నిబంధన కూడా అతని వైపే ఉంటుంది.

శబ్దం విషయంలో దేశమంతా ఉదహరించే తీర్పు ఒకటి చెన్నైలోనే పుట్టింది. మాధవరం హైరోడ్డులోని కె.కె.ఆర్. నగర్‌లో ఒక చర్చి ప్రార్థనా మందిరంలో లౌడ్‌స్పీకర్లు, డ్రమ్ములు, గిటార్ వాడుతున్నారని కాలనీ సంక్షేమ సంఘం ఫిర్యాదు చేసింది. కాలుష్య నియంత్రణ మండలి వచ్చి కొలిస్తే ఆ రోడ్డు మీద వాహనాల రొద కూడా తక్కువేమీ కాదని తేలింది. మద్రాసు హైకోర్టు చర్చిని మూయమనలేదు. వాహనాల మీద చర్య తీసుకోండి, చర్చి స్పీకర్ల స్థాయినీ తగ్గించండి అని రెండు వైపులా చెప్పింది. చర్చి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000 ఆగస్టు 30న అక్కడా ఓడిపోయింది. ఇతరుల ప్రశాంతతను భంగపరిచి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని, మైకులతో, డ్రమ్ములతోనే ప్రార్థించాలని కూడా ఏ మతమూ బోధించదని కోర్టు చెప్పింది. 2005లో శబ్ద కాలుష్యంపై సుప్రీంకోర్టు మరింత వివరమైన ఆదేశాలు ఇచ్చింది.

ఆ కేసులో నాకు ఆసక్తిగా తోచేది "రోడ్డు మీద బస్సుల మోత ఇంతకంటే ఎక్కువ" అన్న వాదన పని చేయకపోవడం. మా భజన గుంపులోనూ అందరూ మొదట ఎత్తుకున్న వాదన అదే.

6. గేటు దాటితే

గేటు లోపల ఉన్నంతవరకు ఇది మీకూ పొరుగుకూ మధ్య వ్యవహారం. షామియానా కాలు వీధిలో పడిన క్షణం నుంచి ప్రభుత్వ వ్యవహారం. రోడ్డు మీద పందిరికి కార్పొరేషన్ అనుమతి, పోలీసుల నిరభ్యంతరం రెండూ కావాలి. బహిరంగ స్థలాల్లో సభలు, ఊరేగింపులు ఇప్పటికీ 1888 నాటి చెన్నై నగర పోలీసు చట్టం పరిధిలోకి వస్తాయి. అయ్యప్ప ఇరుముడి కట్టాక వీధి చివరి గుడి దాకా మేళంతో నడిచినా అది ఊరేగింపే. కొన్ని రోజుల ముందుగా స్టేషనులో రాతపూర్వకంగా ఇవ్వండి: తేదీ, వేళ, దారి, సుమారు జనం, బాధ్యుల ఫోను నంబరు. అంబులెన్సు వెళ్లేంత దారి వదులుతామని రాయండి, నిజంగా వదలండి కూడా. నీళ్ల లారీ వచ్చే వేళ కూడా కనుక్కోండి. వేసవిలో చెన్నై వీధిలో నీళ్ల లారీని ఆపినవాణ్ణి దేవుడు కూడా కాపాడలేడు.

ఇంటి ముందు పేవ్‌మెంటు మీద చిన్న గుడి, శిలువ లేదా జెండా దిమ్మె కట్టే ఆలోచన ఉంటే మానుకోండి. బహిరంగ వీధులు, పార్కులు, ప్రభుత్వ స్థలాల్లో అనుమతి లేని కొత్త మత కట్టడాలను రానివ్వవద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులోనే ఆదేశించింది.

7. కరెంటు, పొగ, అన్నదానం

ఇవి చిన్నవే, కానీ నోటీసులో ఇవే ముందు కనిపిస్తాయి. తమిళనాడులో ఇళ్లకు ఒక విద్యుత్ టారిఫ్, ప్రజా ప్రార్థనా స్థలాలకు 2-సి అనే మరో టారిఫ్ ఉన్నాయి. ఇంటి మీటరుతో మందిరం నడిపితే అది మరో ఉల్లంఘన. మందిరం అని చూపి ఆస్తిపన్ను మినహాయింపు అడిగితే, అది నివాసం కాదని మీరే రాసిచ్చినట్లు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకండి.

అపార్ట్‌మెంట్లో హోమం చేస్తే, పొగను పసిగట్టే పరికరాలుంటే అవి మోగవచ్చు. ముందుగా కాపలావారికి చెప్పండి, కుండం కింద ఇసుక పోయండి, బకెట్టు నీళ్లు దగ్గరుంచుకోండి.

ఇంటికి వచ్చినవారికి పులిహోర పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్రమం తప్పకుండా బయటివారికి అన్నదానం చేస్తుంటే మాత్రం ఆహార భద్రత నిబంధనలు ఒకసారి చూడండి. నమోదు చేసుకోవలసిన చిన్న ఆహార వ్యాపారుల నిర్వచనంలో మత, సామాజిక కూడికల్లో ఆహారం పంచేవారిని కూడా చేర్చారు. నమోదు ఆన్‌లైన్లో అయిపోతుంది.

8. ఫిర్యాదు వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

పోలీసులు గుమ్మంలో ఉన్నారు. మొదట శబ్దం ఆపండి, తర్వాత మాట్లాడండి. ఒకరే మాట్లాడండి, మిగతావారిని లోపల కూర్చోమనండి. మా ఇంటికి పోలీసులు వచ్చిన రోజు 11 మంది ఒకేసారి వివరించడం మొదలుపెట్టారు, అందులో ముగ్గురు తమకు తెలిసిన పెద్దల పేర్లు చెప్పారు. ఎస్సై అప్పటిదాకా నవ్వుతూనే ఉన్నాడు, ఆ పేర్లు విన్నాక నోటు పుస్తకం తీశాడు.

ఆ రోజు మీ చేతిలో ఉండవలసినవి: యజమాని సమ్మతి లేదా ఇంటి పత్రం నకలు, పొరుగువారికి ఇచ్చిన చీటీ, మైకు ఉంటే దాని అనుమతి. ఫిర్యాదు ఏమిటో అడగండి, ఏ నియమం కిందనో అడగండి, మర్యాదగా రాతలో ఇవ్వమనండి. "ఇకపై అసలు కూడకూడదు" అని నోటిమాటగా చెబితే దానికి వాదన పెట్టుకోకుండా, జరిగినది తేదీ, వేళతో సహా ఆ రాత్రే రాసి పెట్టుకోండి.

తర్వాత ఏ దారిలో కాగితం వస్తుందో దాన్నిబట్టి నడవాలి. ప్రజలకు ఉపద్రవం (న్యూసెన్స్) కలిగించారని తేలితే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షను కింద 1,000 రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. ఉపద్రవాన్ని తొలగించమని కార్యనిర్వాహక మేజిస్ట్రేటు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద షరతుతో ఆదేశం ఇస్తే, దానికి హాజరై మీ కారణం చెప్పుకునే అవకాశం ఉంటుంది, తప్పకుండా హాజరు కండి. శబ్ద నిబంధనల ఉల్లంఘనను తేలిగ్గా తీసుకోకండి. అవి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద చేసిన నిబంధనలు, ఆ చట్టంలో 2024 ఏప్రిల్ నుంచి జైలు స్థానంలో 10,000 రూపాయల నుంచి మొదలయ్యే పెద్ద జరిమానాలు వచ్చాయి. ప్రణాళికా చట్టం కింద వాడకం మార్చారని నోటీసు వస్తే అది అన్నింటికంటే బరువైనది. అందులోని గడువు లోపల వకీలు చేత జవాబు ఇప్పించండి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది.

తిరగబడిన పరిస్థితి కూడా ఉంటుంది. మీరు అన్నీ సక్రమంగా చేస్తున్నా, ఎవరో గుంపుగా వచ్చి ప్రార్థనను అడ్డుకుంటే 112కు ఫోను చేయండి. చట్టబద్ధంగా జరుగుతున్న మతపరమైన కూడికను కావాలని భంగపరచడం న్యాయ సంహిత 300వ సెక్షను కింద నేరం, ఏడాది వరకు జైలు పడవచ్చు. 'చట్టబద్ధంగా' అన్న మాట ఆ సెక్షనులోనే ఉంది. మీ చీటీలు, సమ్మతి పత్రాలు, ఆపేసిన మైకు అక్కడ మీ వైపు సాక్ష్యం చెబుతాయి.

9. ఇల్లు చాలనప్పుడు

ఇంట్లో పట్టనంతగా పెరిగిందంటే రెండు దారులు. ఒకటి, నిజంగానే మందిరం కట్టడం. అలాంటప్పుడు స్థలం మండలం చూసి, అవసరమైతే మార్పుకు దరఖాస్తు చేసి, ప్రణాళికా అనుమతి తీసుకోవాలి. ప్రజా ప్రార్థన కోసం భవనం కట్టాలంటే కలెక్టరు ముందస్తు అనుమతి కావాలన్న షరతు తమిళనాడు భవన నిబంధనల్లో చాలాకాలంగా ఉంది. శాంతిభద్రతల కోణంలో విచారణ జరుగుతుంది, పొరుగువారి అభిప్రాయం అడుగుతారు. ఇల్లు అలకగానే పండగ కాదు. పునాదికి కొబ్బరికాయ కొట్టాక కాకుండా, స్థలం కొనే ముందే ఈ ఆరా తీయండి. డబ్బు వసూలు చేస్తుంటే ట్రస్టు నమోదు చేసి ఖాతా తెరవండి. విదేశాల్లో ఉన్న పిల్లల స్నేహితులు విరాళం పంపుతామంటే, విదేశీ విరాళాల చట్టం గురించి వకీలును అడగకుండా ఒక్క డాలరు కూడా పుచ్చుకోకండి.

రెండో దారి మేము ఎంచుకున్నది. 40 మందిని రెండు గుంపులు చేశాం, ఒకటి పెరంబూరులో, ఒకటి మా ఇంట్లో. మైకు సెట్టును ఒక అనాథ పిల్లల పాఠశాలకు ఇచ్చేశాం. భజన 8 గంటలకల్లా ముగుస్తుంది. వచ్చినవారు చెప్పులు సంచిలో పెట్టుకుని లోపలికి తెస్తారు, మొదట్లో చిన్నతనంగా అనిపించింది, ఇప్పుడు సంచి మరిచినవారు తామే వెనక్కి వెళ్లి తెచ్చుకుంటున్నారు. పై అంతస్తు అమ్మగారు నెలకోసారి వచ్చి కూర్చుంటారు.

అందరం కలవాలనుకున్న పెద్ద రోజులకు హాలు అద్దెకు తీసుకుంటాం. ఆడి, మార్గళి నెలల్లో తమిళుల ఇళ్లలో పెళ్లిముహూర్తాలు ఉండవు కనుక కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి, అద్దె బేరమాడవచ్చు. మార్గళిలో మాత్రం సంగీత సభలు జరిగే హాళ్ల జోలికి వెళ్లకండి, డిసెంబరు కచేరీలకు అవి ముందే నిండిపోయి ఉంటాయి. మండపం రసీదు మీద ముగించవలసిన వేళ ఎన్ని గంటలని రాశారో చదివి, దానికి ఒక అరగంట ముందే మంగళహారతి పెట్టుకోండి. వంటపాత్రలు సర్దడానికి అంత పడుతుంది.